ఫోటోలో ఉన్నది ఆ ఒక్కరోజు ఒళ్ళు: బాడీబిల్డింగ్‌పై అపోహలు - వాస్తవాలు

కొత్తగా ట్రైనింగ్‌కి వచ్చే కుర్రాళ్ళలో సగం మంది మొదటిరోజు చేసే పని ఒకటే. ఫోన్ తీస్తారు, ఎవరో పోటీలో పోజు ఇస్తున్న ఫోటో చూపిస్తారు, "అన్నా, ఇలా అవ్వాలంటే ఎన్ని నెలలు పడుతుంది?" అంటారు. ఆ ఫోటోలో ఉన్న మనిషే రెండు వారాల తర్వాత అలా ఉండడని చెబితే నమ్మరు. ఏదో దాస్తున్నానని అనుమానపడతారు. పోటీల్లో పదేళ్ళు, కోచ్‌గా మరో పదేళ్ళు గడిపాక చెబుతున్నాను, ఈ రంగంలో అపోహలు చాలావరకు ఆ ఫోటో నుంచే పుడతాయి. తిండి గురించి, మందుల గురించి, చివరికి కెరీర్ గురించి కూడా.

అపోహ: బాడీబిల్డర్ ఏడాది పొడవునా నరాలు తేలి, సిక్స్ ప్యాక్‌తో ఉంటాడు

ఉండడు, ఉండకూడదు కూడా. మాకు ఏడాదిలో రెండు కాలాలు. కండ పెంచుకునే ఆఫ్ సీజన్ ఒకటి, పోటీ ముందు కొవ్వు కరిగించే కటింగ్ ఒకటి. కటింగ్ మామూలుగా 12 నుంచి 20 వారాలు నడుస్తుంది. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గితే కండ చాలావరకు నిలుస్తుంది. 80 కిలోల మనిషికి అది 400 నుంచి 800 గ్రాములు. అంతకన్నా తొందరపడితే కొవ్వుతో పాటు కండా పోతుంది. మిగతా ఏడాదంతా అదే మనిషి స్టేజ్ బరువు కంటే ఐదు నుంచి పదిహేను కిలోలు ఎక్కువే ఉంటాడు. పొట్ట మీద గీతలు మసకబారతాయి. చొక్కా వేసుకుంటే కాస్త బలంగా ఉన్నాడనిపిస్తుంది, అంతే. పోటీ రోజున ఒంటికి పూసిన రంగు, నూనె, పైనుంచి పడే లైట్లు మిగతా పని చేస్తాయి.

కొవ్వు అంత తక్కువకు దిగినప్పుడు లోపల జరిగేది ఫోటోలో పడదు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పడిపోతుంది, సరిగా నిద్ర పట్టదు, ఎప్పుడూ చలి, ప్రతి చిన్నదానికీ చిరాకు. ఎంతసేపూ తిండి మీదే ధ్యాస. దీన్ని మనోబలం లేకపోవడం అనుకోకండి. అమెరికాలో 1944-45లో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు దాదాపు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్ళలో కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకోవడం మొదలుపెట్టారు. ప్రయోగం ముగిశాక కడుపు నిండా తిన్నా ఆకలి తీరలేదన్నారు. నా మొదటి పోటీ మర్నాటి నుంచి నేనూ అంతే. పది రోజుల్లో తొమ్మిది కిలోలు పెరిగాను. చీలమండలు వాచి బూట్లు పట్టలేదు. అందుకే ఇప్పుడు నా దగ్గర పోటీకి తయారయ్యేవాళ్ళకి పోటీ తర్వాతి ఆరు వారాల డైట్ కూడా ముందే రాసిస్తాను. పోటీ ముందు డైట్ కంటే అది పాటించడమే కష్టం.

అపోహ: పోటీ ముందు నీళ్ళు మానేస్తే కండలు చెక్కినట్టు కనిపిస్తాయి

నేను చేసిన తప్పుల్లో ఇదే పెద్దది. అప్పట్లో నాకు నేర్పినాయన చెప్పాడని పోటీకి ముందు ఒకటిన్నర రోజు గుక్కెడు నీళ్ళతో గడిపాను, ఉప్పు పూర్తిగా మానేశాను. చర్మం పల్చబడి గీతలు తేలతాయని ఆయన లెక్క. తీరా స్టేజ్ వెనక పంప్ కోసం, అంటే కండల్లోకి రక్తం చేరి ఉబ్బడం కోసం, పుషప్స్ చేస్తే చేతుల్లోకి రక్తమే రాలేదు. కండలు గాలి తీసిన ట్యూబుల్లా ఉన్నాయి. మూడో పోజుకే పిక్కలు పట్టేశాయి. ఆ నొప్పిలో నవ్వు ముఖం పెట్టడానికి పడ్డ పాట్లు ఇంకా గుర్తున్నాయి.

ఎందుకలా అయిందో తర్వాత చదువుకుంటే తెలిసింది. కండలో ముప్పావు వంతు నీళ్ళే. మనం తిన్న పిండిపదార్థం గ్లైకోజెన్‌గా మారి కండలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కండలోకి చేరుతుంది. ఆ నీళ్ళే కండకు నిండుదనం. చర్మం కింద నీటిని మాత్రమే తీసేసి కండలో నీటిని వదిలేయమని ఒంటికి చెప్పే మార్గం లేదు. అసలు చాలామంది "నీరు పట్టింది" అని బాధపడేది ఇంకా కరగని కొవ్వు గురించి. నాలుగు వారాలు ఎక్కువ డైట్ చేస్తే పోయేదానికి చివరిరోజు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

ప్రాణం మీదికి అన్నది మాటవరసకి కాదు. మొహమ్మద్ బెనాజీజా అనే పేరున్న ప్రొఫెషనల్ 1992లో నెదర్లాండ్స్‌లో పోటీ చేసిన కొద్ది గంటలకే గుండె ఆగి చనిపోయాడు. ఒంట్లో నీరు తీసేయడానికి వాడే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులే కారణమని అప్పటి నుంచి మా రంగంలో అందరూ చెప్పుకుంటారు. ఆ మందులు సోడియం, పొటాషియం లెక్క తప్పిస్తాయి. గుండె కొట్టుకోవడం ఆ లెక్క మీదే నడుస్తుంది. నా దగ్గర ఎవరైనా వాటి పేరెత్తితే ఆ రోజుతో కోచింగ్ ఆపేస్తాను.

అపోహ: చిన్న వయసులో బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుంది

తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పెద్దవాళ్ళ పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో చేసే వెయిట్ ట్రైనింగ్ వల్ల ఎత్తు తగ్గుతుందని ఆధారం లేదు. పరుగెత్తేటప్పుడు, ఎత్తు నుంచి దూకేటప్పుడు ఎముకల మీద పడే ఒత్తిడి తక్కువేమీ కాదు. ఎముకల చివర్లలో పెరిగే భాగానికి దెబ్బ తగిలితే ప్రమాదమే, కానీ అది ఎక్కువగా ఎవరూ చూడనప్పుడు పందెం కట్టి మోయలేని బరువు ఎత్తితే జరిగేది. ఎత్తును నిజంగా ఆపేది వేరే ఉంది, అది స్టెరాయిడ్, అంటే కండ కోసం వాడే టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్ మందు. టెస్టోస్టిరాన్‌లో కొంత ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, అది ఎముక పెరిగే చోటును ముందే మూసేస్తుంది. బార్‌బెల్ చూసి భయపడే నాన్నగారు కొడుకు బ్యాగులో ఏముందో చూస్తే మంచిది.

అపోహ: రోజుకు మూడు గంటలు జిమ్‌లో ఉంటేనే ఒళ్ళు వస్తుంది

మొదటి రెండేళ్ళు వారానికి నాలుగు రోజులు, రోజుకు గంటా గంటంబావు చాలు. నేను ఇచ్చే రొటీన్ ఇలా ఉంటుంది: రెండు రోజులు నడుం పైభాగం, రెండు రోజులు కింది భాగం. పైభాగం రోజున బెంచ్ ప్రెస్, రోయింగ్, భుజాలకు ప్రెస్, పుల్అప్స్ లేదా పుల్‌డౌన్, చివర్లో బైసెప్స్, ట్రైసెప్స్‌కి ఒక్కో వ్యాయామం. కింది భాగం రోజున స్క్వాట్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, లెగ్ కర్ల్, పిక్కలు, పొట్ట. ఒక్కో కండకు వారం మొత్తానికి పది నుంచి ఇరవై గట్టి సెట్లు. బరువును ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆగకుండా వరసగా చేసే రెప్స్ ఒక సెట్. గట్టి సెట్ అంటే ఆపేటప్పటికి ఇంకో రెండు మూడు రెప్స్ మాత్రమే మిగిలి ఉండాలి. పెద్ద వ్యాయామాల్లో సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఫోన్ చూసుకుంటూ పది నిమిషాలు ఆగితే అది మూడు గంటల జిమ్ అవుతుంది మరి.

బరువు ఎప్పుడు పెంచాలి అన్నది అసలు విషయం. 60 కిలోలతో మూడు సెట్లు, ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్ అనుకుందాం. మొదటి వారం 10, 9, 8 వస్తాయి. మూడు సెట్లలోనూ 12 వచ్చేదాకా ఆ బరువు మీదే ఉండాలి. వచ్చాక 62.5 కిలోలు. ఇదంతా నోట్‌బుక్‌లో రాయాలి. నోట్‌బుక్ లేకుండా రెండేళ్ళు అదే బరువు ఎత్తుతూ "నాకు జెనెటిక్స్ లేవన్నా" అన్నవాళ్ళని లెక్కలేనంత మందిని చూశాను.

కటింగ్‌లో తక్కువ బరువు, ఎక్కువ రెప్స్ చేయాలన్నది ఇంకో పాత మాట. రెప్స్ వల్ల గీతలు రావు, తక్కువ తినడం వల్ల వస్తాయి. కండను పెంచిన బరువులే కండను నిలబెడతాయి, కటింగ్‌లోనూ వీలైనంతవరకు వాటినే ఎత్తాలి. పంప్ అంటే ఆ కాసేపు కండలోకి చేరిన రక్తం. మర్నాటి ఒళ్ళునొప్పులు అలవాటు లేని పని చేశామని చెబుతాయి, అంతే. ఏ నొప్పీ లేకుండానూ కండ పెరుగుతుంది. పొట్ట వ్యాయామాలు వంద చేసినా పొట్ట మీది కొవ్వే పనిగట్టుకుని కరగదు. జిమ్ మానేస్తే కండ కొవ్వుగా మారదు, అవి రెండూ వేర్వేరు కణజాలాలు. కండ తగ్గుతుంది, తిండి తగ్గించకపోతే కొవ్వు చేరుతుంది. మళ్ళీ మొదలుపెడితే పోయిన కండ మొదటిసారి కంటే త్వరగా తిరిగొస్తుంది.

అపోహ: ఎంత ప్రోటీన్ తింటే అంత కండ

కిలో ఒంటి బరువుకు రోజుకు 1.6 గ్రాముల దగ్గర లాభం చాలావరకు అందేస్తుంది. కాస్త ఎక్కువ ఉండనిద్దాం అనుకుంటే 2.2. అంటే 70 కిలోల కుర్రాడికి 112 నుంచి 154 గ్రాములు. లెక్క వేసి చూడండి: ఆరు గుడ్లలో 36 గ్రాములు, ఉడికించిన 150 గ్రాముల చికెన్ బ్రెస్ట్‌లో సుమారు 46, అర లీటరు పాలలో 16. ఇక్కడికే 98. రోజంతా తినే ధాన్యాలు, పప్పుల నుంచి మిగతాది వచ్చేస్తుంది. మాంసం తిననివాళ్ళు పాలు, పెరుగు, పనీర్, సోయా, పప్పులు కలుపుకుంటూ అక్కడికి చేరొచ్చు. కాస్త ఎక్కువ ప్లాన్ చేసుకోవాలి, అంతే.

గుడ్డులో పచ్చసొన పారేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గుడ్డు ప్రోటీన్‌లో నలభై శాతానికి పైగా అందులోనే ఉంది. పచ్చి గుడ్లు తాగేవాళ్ళకి ఇంకో సంగతి: పచ్చి గుడ్డు ప్రోటీన్‌లో ఇంచుమించు సగమే ఒంటికి పడుతుంది, ఉడికిస్తే తొంభై శాతం. సాల్మొనెల్లా భయం అదనం.

"ఒక పూటకి 30 గ్రాముల కంటే అరగదట కదా" అంటారు. అరుగుతుంది, కాకపోతే ఎక్కువసేపు పడుతుంది. వ్యాయామం అయిన అరగంటలోపు ప్రోటీన్ షేక్ తాగకపోతే అంతా వృథా అన్నదీ అలాంటిదే. గట్టి వ్యాయామం తర్వాత కండ కట్టుకునే పని ఒక రోజుకు పైగా జరుగుతూనే ఉంటుంది. బట్టలు మార్చుకోకుండా షేకర్ ఊపక్కర్లేదు. కిడ్నీల మాటకొస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఈ మోతాదుతో హాని కనబడలేదు. అప్పటికే కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినంతే తినాలి. చాలామందికి జబ్బు ఉన్నట్టే తెలియదు కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి రక్త పరీక్ష చేయించుకోమంటాను.

ఇక ఆఫ్ సీజన్‌లో బల్కింగ్ పేరుతో కనిపించిందల్లా తినడం. ఖర్చయ్యే క్యాలరీల కంటే రోజుకు రెండు మూడు వందలు ఎక్కువ చాలు. అంతకు మించి తిన్నది చాలావరకు కొవ్వే, మళ్ళీ దాన్ని మనమే కరిగించుకోవాలి.

అపోహ: పౌడర్ డబ్బా అంటే స్టెరాయిడ్

వే ప్రోటీన్ అంటే పాలు విరిచి చీజ్ చేసేటప్పుడు మిగిలే నీళ్ళ నుంచి తీసిన ప్రోటీన్. పాల మీద భయం లేనివాళ్ళకి దీని మీదా ఉండక్కర్లేదు. అలాగని తప్పనిసరీ కాదు. బలం కోసం వాడే క్రియాటిన్ మోనోహైడ్రేట్ పౌడర్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు నిజంగా పనిచేస్తుంది. అది వాడేటప్పుడు రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే కొలత) కాస్త ఎక్కువ చూపించవచ్చు, ముందే డాక్టర్‌కి చెప్పండి. బరువు పెరగడానికని అమ్మే మాస్ గెయినర్ పౌడర్‌లో ఎక్కువ భాగం పిండిపదార్థమే. మిగతా డబ్బాల గురించి రాయడం సమయం దండగ.

అపోహ: ఒక్క సైకిల్ వేసి ఆపేస్తే ఏం కాదు

సైకిల్ అంటే కొన్ని వారాల పాటు వరసగా స్టెరాయిడ్స్ వాడటం. స్టెరాయిడ్స్ పనిచేయవని అబద్ధం చెప్పను. అబద్ధం చెబితే కుర్రాళ్ళు మిగతా మాటలూ నమ్మరు. 1996లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనంలో పది వారాలు టెస్టోస్టిరాన్ ఎక్కువ మోతాదులో తీసుకుని అసలు వ్యాయామమే చేయనివాళ్ళకి, మందు లేకుండా వ్యాయామం చేసినవాళ్ళ కంటే ఎక్కువ కండ చేరింది. అందుకే ఫోన్‌లో ఉన్న ఫోటోతో మీ ఒళ్ళు పోల్చుకోవద్దని అంత గట్టిగా చెప్పేది. ఆ మనిషి ఏం తింటున్నాడో చెబుతాడు, ఏం ఎక్కించుకుంటున్నాడో చెప్పడు.

బయటి నుంచి హార్మోన్ రాగానే వృషణాలు తమ పని ఆపేస్తాయి. మందు ఆపాక మళ్ళీ మొదలవడానికి నెలలు పట్టవచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. ఆ మధ్యకాలంలో నీరసం, డిప్రెషన్, వీర్యకణాలు లేకపోవడం. ఆ డిప్రెషన్ తట్టుకోలేకే చాలామంది రెండో సైకిల్‌కి వెళ్తారు. ఒక్క సైకిల్ అనుకున్నది అలా ఒక్కటిగా ఉండదు. మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, గుండె గోడ మందమవుతుంది. ఇవేవీ అద్దంలో కనబడవు.

అపోహ: పెద్ద కండలున్నవాడే గెలుస్తాడు, గెలిస్తే జీవితం స్థిరపడుతుంది

1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో యూజెన్ శాండో జరిపించిన పోటీని మా రంగంలో మొదటి పెద్ద పోటీగా చెప్పుకుంటారు. న్యాయనిర్ణేతల్లో రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ ఒకరు. కండల సైజు ఒక్కటే కాదు, ఒంటి సమతూకం, ఆరోగ్యం, చర్మం కూడా చూడాలన్నది అక్కడి నియమం. ఇప్పటికీ సైజుతో పాటు సమతూకాన్ని, కండిషనింగ్‌ని, అంటే కొవ్వు కరిగి గీతలు ఎంత తేలాయన్నదాన్ని చూస్తారు. 1977 నుంచి 79 వరకు వరసగా మూడుసార్లు మా రంగంలో అతి పెద్ద పోటీ మిస్టర్ ఒలింపియా గెలిచిన ఫ్రాంక్ జేన్ బరువు తొంభై కిలోలు కూడా లేదు.

తొందర అనవసరం. ఆర్నాల్డ్ ష్వార్జెనెగ్గర్ 1970లో 23 ఏళ్ళకే ఒలింపియా గెలిచిన మాట నిజమే. డెక్స్టర్ జాక్సన్ 2008లో గెలిచేటప్పటికి ఆయనకు 38. మూడు నాలుగేళ్ళు నిలకడగా ట్రైనింగ్ చేయకుండా మొదటి పోటీకి పేరు ఇవ్వవద్దని నా సలహా. ఇక డబ్బు. ప్రైజ్ మనీతో బతికేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నాతో పాటు పోటీ చేసినవాళ్ళలో ఈ రంగంలోనే మిగిలినవాళ్ళందరూ కోచింగ్ మీదో, జిమ్ నడుపుతూనో బతుకుతున్నారు. నేనూ అంతే. చదువు మధ్యలో ఆపేసి వస్తానన్న కుర్రాడిని పరీక్షలు రాసి రమ్మని వెనక్కి పంపిస్తాను.

పోజింగ్ సంగతి ఎవరూ అడగరు కాబట్టి అదీ చెబుతాను. పోటీలో పెట్టాల్సిన పోజులు ఇవి: ముందు నుంచి డబుల్ బైసెప్స్ (రెండు చేతులూ మడిచి చూపడం), లాట్ స్ప్రెడ్ (వీపు పక్కకండలు విప్పి చూపడం), సైడ్ చెస్ట్, వెనక నుంచి మళ్ళీ డబుల్ బైసెప్స్, లాట్ స్ప్రెడ్, సైడ్ ట్రైసెప్స్, పొట్ట-తొడలు. జడ్జిలు పోల్చి చూస్తూ ఒక్కోదాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టిస్తారు. నిన్న ఒక కుర్రాడు వంద కిలోలు స్క్వాట్ చేసి వచ్చాడు. షూ విప్పించి ఒక్కో పోజు ముప్పై సెకన్లు నిలబెట్టమన్నాను. నాలుగో పోజుకి తొడలు వణికాయి, ఐదోదానికి ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు. వచ్చే వారం నుంచి రోజూ పదిహేను నిమిషాలు అద్దం లేకుండా పోజింగ్ చేయిస్తాను.