ప్రహరీ ఉంది కదా అని మట్టి నింపకండి

వానలు మొదలయ్యాయంటే నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే రకం. "సార్, మా ప్రహరీ బయటికి వాలింది, పగుళ్లకు సిమెంటు పూయిస్తే ఆగుతుందా?" అని. లోపల మట్టి ఎప్పుడు నింపించారని అడుగుతాను. కాసేపు ఆలోచించి, "మొన్న ఎండాకాలం, రోడ్డు ఎత్తు పెరిగిందని..." అంటారు.

అపోహ: చుట్టూ తొమ్మిదంగుళాల గోడ ఉంది కాబట్టి లోపల ఎంత మట్టి పోసినా ఆపుతుంది.

ఆపదు. ప్రహరీ తన బరువు తాను మోసుకుంటూ గాలికి నిలబడటానికి కట్టే గోడ. మట్టిని ఆపడానికి కట్టేది రిటైనింగ్ వాల్. దాని పునాది వేరు, మందం వేరు, ఖర్చూ వేరు. మీటరు ఎత్తు మట్టి నింపితే, గోడ ప్రతి మీటరు పొడవు మీదా పొడి మట్టి పక్కకు తోసే బలం సుమారు 300 కిలోలు. అదే మట్టి వాన నీళ్లతో నిండి, ఆ నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే 600 కిలోలు దాటుతుంది. మట్టి ఎత్తు రెట్టింపు చేస్తే ఆ తోసే బలం నాలుగింతలు, గోడను పడదోసే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. రెండడుగులు నింపినప్పుడు కదలని గోడ నాలుగడుగులకు పడిపోయేది ఇందుకే. ఎండాకాలంలో నింపి, రెండు నెలలు చూసి "ఏమీ కాలేదు" అనుకుంటారు. అసలు పరీక్ష మొదటి పెద్ద వానకి.

జనం భయం నాకు తెలుసు. పాత సీసీ రోడ్డు మీదే కొత్తది పోస్తారు, ఇల్లు గుంటలో పడుతుంది, మురుగు నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. నాలుగు టిప్పర్ల గ్రావెల్ తోలించడం తప్ప వేరే దారి కనపడదు. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లకు "ఏం కాదు, నేను చూసుకుంటా" అని చెప్పే మేస్త్రీ దొరికితే చాలు.

గుంటూరు దగ్గర ఒక కాలనీలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ పిలిచారు. ఆవిడ తన స్థలంలో తట్టెడు మట్టి కూడా పోయించలేదు. పక్క ప్లాటు వాళ్లు ఇల్లు కట్టుకుంటూ స్థలం ఎత్తు పెంచి, ఆ మట్టంతా ఈవిడ గోడకు ఆనించి వదిలేశారు. గోడ పై వరుస కింది వరుస కంటే మూడంగుళాలు లోపలికి వాలి ఉంది. పగుళ్ల మీద అప్పటికే రెండుసార్లు ప్లాస్టరింగ్ చేయించారు. ఆ గోడ నీడలోనే మనవరాళ్లు ఆడుకుంటున్నారు. ముందు పిల్లల్ని అక్కడి నుంచి తీసేయమన్నాను, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడి ఆ సాయంత్రమే మట్టి వెనక్కి లాగించాను. "గొడవ పెట్టుకుంటున్నాననుకుంటారేమో బాబూ" అని ఆవిడ మొహమాటపడ్డారు. ఇందులో మొహమాటానికి చోటు లేదండీ. ఎత్తు పెంచేవాళ్లే తమ స్థలంలో తమ ఖర్చుతో రిటైనింగ్ వాల్ కట్టుకోవాలి. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం రోజు వానలో గోడ కూలి ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాత కూడా ఎవరైనా "గోడే కదా" అంటే నాకు కోపం వస్తుంది.

మట్టి నింపక తప్పదనుకుంటే ముందు గోడ, తర్వాత మట్టి. ఆర్‌సీసీ కట్టించండి, లేదా అడుగున వెడల్పుగా, పైకి సన్నబడే రాతి కట్టుబడి వేయించండి. వెనక అడుగు మందాన కంకర పోయాలి. నాలుగైదు అడుగులకొక మూడంగుళాల పీవీసీ పైపు బయటికి వాలుగా పెట్టాలి, లోపలి మూతికి జాలీ కట్టాలి. ఇవే వీప్ హోల్స్. చూడ్డానికి బాగోలేదనో, బురద కారుతోందనో వీటిని సిమెంటుతో మూయించేవాళ్లు ఉన్నారు. నీళ్లు బయటికి కారుతున్నాయంటే గోడ మీద బరువు తగ్గుతోందని అర్థం. దయచేసి మూయకండి.

ఇంకో అపోహ: "ప్రహరీకి పునాది ఎందుకు, అడుగున్నర తవ్వితే చాలు." ఎర్ర నేలలో, గట్టి మొరంలో తక్కువ లోతు సరిపోవచ్చు. నల్లరేగడిలో కుదరదు. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. పైపైన వేసిన పునాది ఏటా దానితో పాటు లేచి దిగుతుంది. అక్కడ చిన్న పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీట్ స్తంభాలు వేసి, వాటి మీద బీమ్ పోసి, బీమ్ కింద మూడంగుళాల ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బినా గోడను లేపదు. ఖాళీ ఎందుకని అది కూడా పూడ్చేస్తారు, కాపలా ఉండి చూసుకోండి.

నైరుతి గోడ ఎత్తుగా ఉండాలని పాత గోడ మీద నాలుగు వరుసలు లేపించడం మన దగ్గర మామూలే. నమ్మకాన్ని నేను కాదనను, కానీ ఆ ఎత్తు ప్లాన్‌లోనే చెప్పండి, పిల్లర్లు అందుకు తగ్గట్టు వేస్తాం. ఇటుక కట్టుబడిలో సిమెంటు ఎక్కువేస్తే గట్టిదన్నదీ తప్పే, ఆ మాలు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుని పగుళ్లిస్తుంది. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక చాలు. పొడవాటి గోడైతే ఇరవై, ఇరవై ఐదు అడుగులకొక జాయింట్, అంటే గోడను విడదీసే సన్నటి ఖాళీ వదిలించండి.

ప్రీకాస్ట్ గోడలు, అంటే ముందే పోసి తెచ్చిన స్తంభాలు, పలకలతో నిలబెట్టేవి, గాలికే పడిపోతాయంటారు. పడిపోయినవి నేనూ చూశాను. స్తంభాన్ని అడుగు లోతు పాతి మట్టితో కప్పేస్తే ఏదైనా పడుతుంది. ఆరడుగుల గోడకు కనీసం రెండడుగులు దింపి, చుట్టూ కాంక్రీట్ పోయాలి. ఆ పలకలకు మట్టి మాత్రం ఆనించకూడదు, రెండంగుళాల పలక అది. చైన్ లింక్ (తీగ జాలీ) కంచెకి అయితే మూల కడీలకు రెండు వైపులా ఊత కడీలు ఉండాలి, లేదంటే తీగ లాగిన లాగుడికి మూల వాలి కంచె మొత్తం వదులవుతుంది. జీఐ తీగ, అంటే జింకు పూసిన ఇనప తీగ, తుప్పే పట్టదనుకోకండి. పైనున్న జింకు పూత ఎంత మందమైతే అన్నేళ్లు, సముద్రం దగ్గర అంతకంటే తక్కువ.

ఇక పగుళ్లు. నిలువుగా, వెంట్రుకంత సన్నగా ఉంటే కంగారు పడకండి, చాలావరకు ప్లాస్టర్ పగుళ్లే. అనుమానం ఉంటే పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి. వాన తర్వాత గీత దాటి పోయిందేమో చూడండి. అడ్డంగా పగిలినా, పొట్ట ముందుకొచ్చినా పూతతో పని కాదు. తాడుకు బరువు కట్టి గోడ పైనుంచి వేలాడదీస్తే వాలు మీకే తెలుస్తుంది. అంగుళం దాటితే గోడ పక్కన ఎవరినీ ఉండనివ్వకండి, బండి కూడా పెట్టకండి. వెనక మట్టి ఉంటే పైనుంచి కొంచెం కొంచెంగా తీయించి, ఆ తర్వాతే గోడ విప్పించండి.