శకానికి 78 కలిపితే తేదీ వచ్చేసినట్టేనా? చరిత్ర రాసేవాళ్ల అపోహలు - వాస్తవాలు

ఊరి చరిత్రలైనా చారిత్రక నవలలైనా, దిద్దడానికి వచ్చే రాతప్రతుల్లో ఒకే పొరపాటు పదేపదే కనిపిస్తుంది. దాని సంగతే ముందు తేల్చాలి.

అపోహ: శాసనంలోని శక సంవత్సరానికి 78 కలిపి, వచ్చిన అంకెను క్రీస్తుశక సంవత్సరంగా వాక్యంలో పెట్టేస్తే చాలు.

వాస్తవం: చైత్రం నుంచి మార్గశిరం దాకా 78 సరే. మామూలుగా పుష్యంలో జనవరి వచ్చేస్తుంది కాబట్టి మాఘ, ఫాల్గుణాలకు 79 కలపాలి. అక్కడితో ఆగకండి, సంవత్సరం పేరు కూడా సరిచూడండి. శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగించండి. శేషం ఎంతో, ప్రభవ నుంచి అన్నో సంవత్సరం; సున్నా వస్తే అక్షయ. ఇది గత శకానికి, అంటే పూర్తయిన ఏళ్లను చెప్పే సంఖ్యకు లెక్క. శాసనంలో ఉన్నది వర్తమాన శకమైతే, అంటే నడుస్తున్న ఏడాదిని కూడా కలిపి చెప్పిన సంఖ్య అయితే, ముందే ఒకటి తగ్గించుకోవాలి.

హంపి విరూపాక్షాలయంలోని కృష్ణదేవరాయల శాసనమే తీసుకోండి: శక 1430, శుక్ల, మాఘ శుద్ధ 14. గుడ్డిగా 78 కలిపితే 1508. మాఘం కనుక 79 కలిపితే 1509. తీరా 1442ని 60తో భాగిస్తే శేషం 2, అంటే విభవ. శుక్ల మూడోది. శుక్ల సంవత్సరపు మాఘ శుద్ధ చతుర్దశి పడింది 1510 జనవరిలో! పైగా ఆ శాసనం చెప్పేది పట్టాభిషేకోత్సవ సందర్భంగా చేసిన దానం, కట్టించిన మంటపం, గోపురాల గురించి. “1508లో పట్టాభిషేకం జరిగింది” అని రాసేస్తే ఇదంతా మాయమైపోతుంది. “శాసనంలో శక 1430 అనీ, శుక్ల అనీ ఉంది. రెండూ పొసగవు. సంవత్సరం పేరును నమ్మితే 1510 జనవరి” అని రాయండి. చదివేవాళ్లకు ఇదేమీ భారం కాదు.

అపోహ: కైఫీయతులో, అంటే ఊళ్లలో సేకరించి రాయించిన స్థానిక చరిత్రలో, ఉంటే నిజమే.

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ కోసం సేకరించిన కైఫీయతులు, సేకరించిన నాటి చెరువులకు, ఇనాములకు గట్టి ఆధారం. కాకతీయ ప్రతాపరుద్రుడి విషయంలో మాత్రం అవి దాదాపు ఐదు వందల ఏళ్ల తర్వాత జనం చెప్పుకున్న కథలు. “స్థానికుల కథనం” అని వాక్యంలోనే చెప్పేయండి.

అపోహ: నవలకు ఇవన్నీ అక్కర్లేదు.

పల్నాటి వీరుల విస్తట్లో మిరపకాయ పచ్చడి వేసేవాళ్లకు ఏం చెప్పాలి? మిరప వచ్చింది పోర్చుగీసుల ఓడల్లో, 1498 తర్వాత. అంతకుముందు కారమంటే మిరియాలు, పిప్పళ్లు.

చరిత్రలో పట్టా లేదని బెంగపడేవాళ్లు నిశ్చింతగా రాయండి. నోట్సు తీసుకునేటప్పుడే సంపుటం, శాసన సంఖ్య, పంక్తి పక్కన వేసుకోండి. రాత పూర్తయ్యాక వెతుక్కుంటే సగం దొరకవు.