మీ చెట్టులో అమ్మమ్మ ఏదీ?

చిరంజీవులు అమ్మలుకీ, నానికీ,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. మొన్నటి గాలికి పెరట్లో పనసకొమ్మ ఒకటి విరిగింది. జీడిచెట్లకు ఏమీ కాలేదు.

అమ్మలూ, నువ్వు బడికోసం గీసిన వంశవృక్షం ఫొటో మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. బొమ్మ ముచ్చటగా ఉంది. మొదట్లో మీ నాన్న ముత్తాత, చిటారుకొమ్మన మీరిద్దరూ. మీ అమ్మ పేరు మాత్రం ఒక కొమ్మ పక్కన చిన్న ఆకులా రాశావు. ఆ ఆకు వెనక ఇంకెవరూ లేరు. మీ తాతగారు లేరు, మావయ్య లేడు, నేను లేను. కోపం రాలేదు తల్లీ. అలా గీయమన్నారు, నువ్వు గీశావు. కానీ ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మర్నాడు నాని ఫోన్లో ఇంకో ప్రశ్న వేశాడు: "మావయ్య పిల్లలూ పిన్ని పిల్లలూ అందరూ కజిన్సే కదా, ఒకళ్లని బావ అనీ ఇంకొకళ్లని అన్న అనీ ఎందుకు పిలవాలి?" ఈ రెండూ ఒకే ముడికి రెండు కొసలు. ఫోన్లో చెబితే చాలదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నాని సంగతి. మన భాషలో దీన్ని వరస అంటాం. నాన్న అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న. వాళ్లూ నాన్నలే. అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, పిన్ని. వాళ్లూ అమ్మలే. కాబట్టి వాళ్ల పిల్లలు మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అదే నాన్న తోబుట్టువు ఆడది అయితే, అమ్మ తోబుట్టువు మగవాడు అయితే దారి మారిపోతుంది. వాళ్లు అత్త, మామ. వాళ్ల పిల్లలు బావ, వదిన, మరిది, మరదలు. ఇప్పుడు ఈ మాటల్ని ఇంకోసారి పలికి చూడండి. పెళ్లయ్యాక భర్త తల్లిని ఏమంటాం? అత్త. తండ్రిని? మామ. కూతురి భర్త అల్లుడు, మగవాడికి అక్కచెల్లెళ్ల కొడుకు, ఆడదానికి అన్నదమ్ముల కొడుకు మేనల్లుడు. కొడుకు పెళ్లాం కోడలు, అదే లెక్కన వాళ్ల కూతురు మేనకోడలు. ఎవరిని పెళ్లాడవచ్చో, ఎవరిని కూడదో మన పెద్దలు ఎక్కడా వేరే రాసిపెట్టక్కర్లేకపోయింది. పిలుపులోనే పెట్టారు.

నాన్న చెల్లెలి కూతురు, నాన్న తమ్ముడి కూతురు: రక్తం లెక్కన చూస్తే ఇద్దరూ నీకు సమాన దూరమే నానీ. డాక్టరుగారి లెక్కలో ఇద్దరితోనూ నువ్వు పంచుకునే జన్యువులు సుమారు ఎనిమిదో వంతే. అయినా ఒకరు మరదలు, ఒకరు చెల్లెలు. అంటే వరస రక్తాన్ని కొలిచేది కాదు. మనుషులు కూర్చుని కట్టుకున్న లెక్క.

నేను ఈ సంగతి మొదట గ్రహించింది ఇచ్ఛాపురంలో, మీ అంత వయసులో. మా పక్కింట్లో ఒడియా వాళ్లుండేవారు. వాళ్లమ్మాయి నా జత. మా చిన్నత్తకి మా నాయనమ్మ అన్నగారి కొడుకుతో పెళ్లి కుదిరిందని చెబితే ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుంది. మేనమామని వాళ్లు మాము అంటారు. మాము కొడుకు వాళ్లకి భాయి, అంటే అన్న. "అన్నని పెళ్లాడతారా!" అని బెదిరిపోయింది. నాకేమో వాళ్లింట్లో మాము కొడుక్కి రాఖీ కట్టడం చూస్తే వింతగా ఉండేది. ఒకే వీధి, ఒకే బావినీళ్లు, ఒక గోడ అటూ ఇటూ రెండు లెక్కలు. మా అమ్మ మాత్రం, "వాళ్లది వాళ్లకి సరి, మనది మనకి సరి. వావివరసలు లేనివాళ్లు ఎవరూ లేరు" అని తేల్చేసింది.

ఆ పిల్ల బెదురు కొత్తదేమీ కాదు. బౌధాయనుడు అనే ధర్మసూత్రకారుడు వెనకటికే దక్షిణాది వాళ్ల ప్రత్యేక ఆచారాల్లో మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ పెళ్లాడటం ఒకటని రాశాడు. నాగార్జునకొండ శాసనాల్లో దీనికి రాతి సాక్ష్యమే ఉంది. 3వ శతాబ్దంలో అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతుళ్లను రాణులుగా చేసుకున్నాడు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి తల్లి కుందవ్వ చోళుల ఆడపడుచు. ఆయన పెళ్లాడిన అమ్మంగదేవి ఆ కుందవ్వ అన్న రాజేంద్రచోళుడి కూతురే. వాళ్ల కొడుకు మళ్లీ అమ్మ పుట్టింటి పిల్లనే చేసుకుని, 1070లో ఆ చోళ సింహాసనమే ఎక్కాడు. కులోత్తుంగ చోళుడంటే ఆయనే. 1955 నాటి హిందూ వివాహ చట్టం తండ్రివైపు అయిదు తరాలు, తల్లివైపు మూడు తరాల లోపు పెళ్లి కూడదంటూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మన మేనరికాలు ఆ మినహాయింపులో నిలిచాయి.

నిలిచాయి కాబట్టి చేసుకోవచ్చని మాత్రం నేను మీకు చెప్పను. దగ్గరి రక్తంలో ఒకే లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉండి బిడ్డలో బయటపడే ప్రమాదం ఎక్కువ. మేనమామా మేనకోడలూ అయితే పంచుకునేది నాలుగో వంతు, ఇంకా ఎక్కువ. మా వాళ్లలో అలా పుట్టి, నడవలేకపోయిన బిడ్డని నేను ఎత్తుకుని పెంచాను. పిలుపులు దాచుకోండి. పెళ్లిళ్లు వద్దు.

ఇక్కడే ఒక ముచ్చట. అమెరికాలో రాచెస్టర్ అనే ఊళ్లో లూయీ హెన్రీ మోర్గన్ అనే వకీలు ఉండేవాడు. పక్కనే సెనెకా అనే ఆదివాసీలు. వాళ్లు నాన్న తమ్ముణ్ని నాన్న అనీ, అమ్మ చెల్లెల్ని అమ్మ అనీ పిలవడం విని ఆశ్చర్యపోయాడు. ఇంకెవరెవరు ఇలా పిలుస్తారో తెలుసుకోవాలని ప్రశ్నల పట్టికలు అచ్చువేయించి దేశదేశాలకూ పంపాడు. మన దేశం నుంచి తమిళ, తెలుగు వరసలు చేరాయి. చూస్తే సెనెకా వాళ్ల వరుసకీ మనదానికీ ఎంతో పోలిక! 1871లో అవన్నీ పెద్ద గ్రంథంగా అచ్చయ్యాయి. ఆ పోలికను చూసి వాళ్ల పూర్వీకులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే రుజువని ఆయన అనుకున్నాడు. అక్కడ పొరబడ్డాడు. ఒకరికొకరు చుట్టాలు కాకుండానే ఒకేలాంటి లెక్క రెండుచోట్ల పుట్టవచ్చు. కానీ మా పిన్నీ, బావా, మరదలూ అంత దూరం వెళ్లి ఒక శాస్త్రానికి పునాదిరాయి అయ్యాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

హవాయి దీవుల్లో అయితే అమ్మానాన్నల తరం వాళ్లందరికీ మకువా అని ఒకే మాట. ఇంగ్లీషులో అంకుల్ అంటే మావయ్యో బాబాయో తెలీదు. హిందీవాళ్లకి చాచా, మామా, ఫూఫా, మౌసా అని నాలుగు దారులున్నాయి, పిల్లల దగ్గరికి వచ్చేసరికి అందరూ అన్నాచెల్లెళ్లే. ఎవరికి ఏ తేడా అవసరమో ఆ తేడాకే మాట పుడుతుంది.

ఇప్పుడు అమ్మలు గీసిన చెట్టు దగ్గరికొస్తాను. పిలుపు ఒక లెక్క అయితే, బిడ్డ ఎవరి వంశం అన్నది రెండో లెక్క. మనలో బిడ్డ నాన్న ఇంటిపేరు. నేను పుట్టింటి పేరుతో పద్దెనిమిదేళ్లు బతికాను, ఒక్క రోజులో అది మారింది. అంతటా ఇంతే అనుకునేదాన్ని. కాదు. మేఘాలయలో ఖాసీ బిడ్డ అమ్మ వంశానికి చెందుతుంది. పూర్వీకుల ఇల్లు చివరి కూతురికి వస్తుంది, అమ్మానాన్నల్ని చూసుకోవలసింది కూడా ఆమే. కేరళలో నాయర్ల తరవాడు అంటే ఒక తల్లి సంతానమంతా కలిసి ఉండే ఇల్లు. తిరువాన్కూరులో రాజు తర్వాత గద్దె కొడుక్కి కాదు, మేనల్లుడికి వెళ్లేది. 1975లో కేరళ చట్టం ఆ ఉమ్మడి ఆస్తి పద్ధతికి ముగింపు పలికింది. సుమత్రా దీవిలో మినాంగ్‌కబావులు ముస్లింలు, లక్షల మంది, వాళ్లకీ అమ్మ వంశమే. సెనెకాలకూ అంతే, పెద్దల్ని నిలబెట్టేది ఆ వంశపు తల్లులు.

ఇది వింటే మీ అమ్మ "అయితే అక్కడ ఆడవాళ్లదే రాజ్యం" అంటుంది. తొందరపడొద్దు. తరవాడులో తాళాలు, పద్దులు కారణవర్ చేతిలో ఉండేవి. ఆయన ఆ ఇంటి పెద్ద మేనమామ. వంశం అమ్మది, పెత్తనం మావయ్యది. బిడ్డ తండ్రికి ఆ ఇంట్లో పెత్తనం లేదు. పేరు ఎవరి నుంచి వస్తుంది, ఆస్తి ఎవరికి పోతుంది, మాట ఎవరిది చెల్లుతుంది అనేవి మూడు వేరు వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికితే మిగతావీ దొరికినట్టు కాదు. మన శాతవాహనుల్నే చూడండి: గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. పేరులో అమ్మ ఉంది, సింహాసనం మాత్రం నాన్న నుంచే.

పాపువా న్యూగినీ దగ్గర ట్రోబ్రియాండ్ దీవుల్లో మగవాడు తన తోటలో పండిన మంచి పెండలం దుంపల్ని ఏరి అక్కచెల్లెళ్ల ఇంటికి మోస్తాడు, ఎందుకంటే అతని వంశం నిలిచేది ఆమె పిల్లల్లో. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మలినౌస్కీ అనే పండితుడు అక్కడ ఉండి ఇదంతా రాశాడు. చదివినప్పుడు నాకు మా అన్నయ్య పండక్కి సారె కావిడితో వీధి మలుపు తిరిగి రావడం గుర్తొచ్చింది. దక్షిణ సూడాన్‌లో న్యూర్ అనే పశువుల కాపరులు ఇంకో వింత చేస్తారు. వారసుడు లేకుండా అన్న చనిపోతే, తమ్ముడు అన్న పేరున పశువులిచ్చి పిల్లని తెస్తాడు. పుట్టిన బిడ్డలు చనిపోయిన అన్నకే బిడ్డలు. లెక్క రక్తానిది కాదని ఇంతకంటే ఎలా చెప్పాలి?

అంత దూరం ఎందుకు, మన కొండలవైపే చూడండి. అరకు దిక్కు గిరిజనుల వంశాల పేర్లలో కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద. కిల్లో వాళ్లు కిల్లో వాళ్లని చేసుకోరు. ఒడిశా కొండల్లో సవరల వంశాన్ని బిరిందా అంటారు. ఒకే మూలపురుషుడి సంతానం, నాన్నవైపు నుంచే. కానీ పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల బిరిందా మారదు, చనిపోయేదాకా పుట్టింటిదే. ఈ సంగతి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు పెరట్లో కూర్చున్నాను.

ఈ లెక్కలు కాగితం మీదే ఉండిపోవు అమ్మలూ. మన రాష్ట్రం 1986లో, దేశంలో అందరికంటే ముందు, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి పుట్టుకతోనే వాటా ఇస్తూ చట్టం చేసింది. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే అది. మా చెల్లికి వర్తించింది. నాకు వర్తించలేదు, నా పెళ్లి అయిపోయింది. 2005లో దేశమంతటా పెళ్లయినవాళ్లకీ వచ్చింది కానీ అప్పటికే మా ఇంట్లో పంపకాలు ముగిశాయి. మా అన్నయ్య మీద నాకు కోపం లేదు, ఆయన సారె ఏ ఏడూ తప్పలేదు. కానీ ఒకే తల్లి కడుపున పుట్టిన నేనూ మా చెల్లీ ఒక పెళ్లి తేదీ వల్ల వేరయ్యాం.

శ్రీముఖలింగం గుడికి వెళ్లినప్పుడు నేను చూపించిన చోటు గుర్తుందా, కళింగ గంగరాజుల రాజధాని అదేనని చెప్పాను. అక్కడి వంశంలో 1078లో పట్టం కట్టుకున్న రాజు అనంతవర్మ చోడగంగు. తండ్రి గంగవంశం, తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. పేరులో అమ్మ పుట్టిల్లు (చోడ అంటే చోళ) ముందు, నాన్న వంశం తర్వాత. అంతటి రాజు తన పేరులో రెండు కొమ్మలూ పెట్టుకున్నాడు.

సంక్రాంతికి రండి. ఆ రోజు పెద్దలకు కొత్త బట్టలు పెడతాం కదా, అప్పటికి నాకు ఒక పెద్ద డ్రాయింగ్ కాగితం కావాలి. మీ నాన్నవైపు నువ్వు గీసింది అలాగే ఉంచు, ఒక్క గీతా చెరపొద్దు. రెండోవైపు కలిసి గీద్దాం. మా అమ్మ పేరు చెబుతాను, మా అమ్మమ్మ పేరు చెబుతాను. మా అమ్మమ్మ తల్లి పేరు నాకు తెలీదు. నాన్నవైపు ఆరు తరాల మగవాళ్ల పేర్లు గడగడా చెప్పగలను, ఈమె పేరు మాత్రం నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇచ్ఛాపురంలో మా పెద్దమ్మ ఉంది, తొంభై దాటాయి, చూపు లేదు కానీ జ్ఞాపకం ఉంది. ఈ ఆదివారం పొద్దున్న బస్సుకి వెళ్లి అడిగి వస్తాను.

మీ
అమ్మమ్మ