నెల సరుకుల చీటీలో కనిపించే బరువు: విశాఖ ఇళ్లలో అపోహలు - వాస్తవాలు

విశాఖలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మధ్యతరగతివాళ్లే. స్టీల్ ప్లాంట్, పోర్టు, రైల్వే ఉద్యోగుల కుటుంబాలు, మధురవాడ, గాజువాక వైపు నుంచి వచ్చే గృహిణులు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు. బరువు తగ్గాలంటే ఏం తినాలో చెప్పమంటారు. ఆ వెంటనే కాస్త మొహమాటంగా, "ఖర్చు ఎక్కువవకుండా చెప్పండి మేడమ్" అంటారు. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. బరువు తగ్గడానికి కొత్తగా కొనాల్సినవి తక్కువ, కొనడం తగ్గించాల్సినవి ఎక్కువ. అందుకే మొదటిసారి వచ్చేటప్పుడు బ్లడ్ రిపోర్టులతో పాటు నెల సరుకుల చీటీ కూడా తెమ్మంటాను. డబ్బు ఎటు పోతోందో, బరువు ఎటు నుంచి వస్తోందో ఆ ఒక్క కాగితంలో తెలిసిపోతుంది. చాలా ఇళ్లలో ఆ రెండింటి దారీ ఒకటే.

అపోహ: బరువు తగ్గించే తిండి ఖరీదైనది, మనకు కుదరదు

సూపర్ మార్కెట్‌లో ఓట్స్, కినోవా, చియా గింజలు, ప్రోటీన్ పౌడర్ డబ్బాలు పేర్చిన అరల ముందు నిలబడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. వాటిలో ఏదీ తప్పనిసరి కాదు. ప్రోటీన్ పౌడర్ల జోలికి వెళ్లొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో నేరుగా చెప్పింది. ఒక పెద్ద డబ్బాకు పెట్టే డబ్బుతో నలుగురున్న ఇంటికి నెలంతా రోజుకో గుడ్డు వస్తుంది.

ఒమేగా-3 కొవ్వుల కోసం సాల్మన్ చేప తినాలని వీడియోల్లో చూసి, అది ఎక్కడ దొరుకుతుందని నన్ను అడుగుతారు. మన ఫిషింగ్ హార్బర్‌లో దిగే కానాగంతల్లో, కవ్వళ్లలో అవే కొవ్వులు బాగా ఉంటాయి. వంజరం, చందువా ధరతో పోలిస్తే ఇవి చాలా చవక. చిన్న చేపలని చిన్నచూపు చూడకండి. వేపుడు కాకుండా పులుసు పెట్టుకుంటే నూనె కూడా ఆదా అవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ చేప ప్రియమవుతుంది. అప్పుడు గుడ్లు, ఉలవలు, పెసలు, శనగలు ఉన్నాయి.

కూరగాయలకు ఎంవీపీ కాలనీ, కంచరపాలెం, గోపాలపట్నం లాంటి చోట్ల రైతు బజార్లున్నాయి. ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసిపెడతారు. ఏం వండాలన్నది ఆ బోర్డు చూశాక నిర్ణయించుకోండి. ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వెళ్తే, ధర పెరిగిన కూరే కొనాల్సి రావచ్చు. పండంటే ఆపిలే అనుకోకండి. జామకాయ, బొప్పాయి ఏ రకంగానూ దానికి తీసిపోవు.

అపోహ: ఖర్చు తగ్గించాలంటే ముందు పప్పులు, గుడ్లు, పళ్లు తగ్గించాలి

ఈ మాట ఎవరూ పైకి అనరు. చీటీల్లో మాత్రం జరిగేది ఇదే, నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది కూడా ఇదే. చేతిలో డబ్బు బిగుసుకోగానే కందిపప్పు తగ్గుతుంది, గుడ్లు పిల్లలకు మాత్రమే అవుతాయి, పళ్లు పండగలకు వెళ్లిపోతాయి. నూనె, చక్కెర, బిస్కెట్లు, మైదా మాత్రం పాత లెక్కలోనే ఉంటాయి. పప్పు పలచబడే కొద్దీ కంచంలో అన్నం పెరుగుతుంది. అది తిన్న రెండు మూడు గంటలకే మళ్లీ ఏదో ఒకటి నమలాలనిపిస్తుంది. అక్కడి నుంచి చిరుతిళ్ల ఖర్చు మొదలవుతుంది.

రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే మనిషి కంచం ఎలా ఉండాలో పోషకాహార సంస్థ లెక్క కట్టింది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పళ్లు 100, వేరుశనగ, నువ్వుల లాంటి గింజలు 35, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. ఈ లెక్కన నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు పప్పులు, శనగలు, పెసలు, మినప్పప్పు అన్నీ కలిపి 10 కిలోలు కావాలి. చేపా గుడ్డూ తినేవాళ్లకు, పిల్లలున్న ఇళ్లకు కొంత తగ్గుతుంది. అయినా నేను చూసే చాలా చీటీల్లో అందులో సగం కూడా ఉండదు. ఖర్చులో కోత వేయండి, కానీ పప్పు దగ్గర వేయకండి.

అపోహ: మంచి నూనె అయితే ఎంత వాడినా పర్వాలేదు

వేరుశనగ నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె, గానుగ నూనె, ఆలివ్ నూనె. వీటి గుణాల్లో తేడాలున్నాయి, బరువు విషయంలో లేవు. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. లీటరుకు రెండింతల డబ్బు పోసి కొన్న నూనెను పాత చేతివాటంతోనే పోస్తే ఖర్చు పెరుగుతుంది, నడుము తగ్గదు.

పై లెక్క ప్రకారం మనిషికి రోజుకు 27 గ్రాములంటే, నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. మన ఇళ్లలో 5 లీటర్ల డబ్బా నెలకు అయిపోవడం మామూలు. ఎక్కువైన ఆ లీటరున్నరను నలుగురికీ పంచితే మనిషికి రోజుకు దగ్గర దగ్గర 100 కేలరీలు. లీటరు 150 రూపాయలు వేసుకుంటే నెలకు 225 రూపాయలు. బయట తిన్న తిండిలోని నూనె ఈ లెక్కలోకి రానే లేదు.

ఎలా తగ్గించాలంటే, ముందు డబ్బా మూత తీసిన రోజు తేదీని డబ్బా మీదే రాయండి. ఎన్నాళ్లకు అయిపోయిందో తెలియకుండా తగ్గించడం కుదరదు. తర్వాత, పోపులోకి నూనె డబ్బాతో వంచకుండా చెంచాతో కొలిచి వేయండి. నలుగురి కూరకు మూడు టీ చెంచాల నూనెతో తాలింపు బాగానే వస్తుంది. బెండకాయ, వంకాయ, దొండకాయ వేపుళ్లు వారానికి రెండు రోజులకు పరిమితం చేసి, మిగతా రోజులు ఇగురో, పప్పులో వేసో, పులుసో చేసుకోండి. ఒక్కసారిగా సగానికి కోసేస్తే ఇంట్లో ఎవరూ తినరు. నెలకు అర లీటరు చొప్పున తగ్గించుకుంటూ రండి, నాలుక అలవాటు పడుతుంది.

అపోహ: మిగిలింది పారేయకుండా తినేస్తే పొదుపు

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఎందుకంటే దీని భారం మోసేది ఇంట్లో ఒక్కరే, దాదాపు ఎప్పుడూ అమ్మే.

పిల్లాడు వదిలేసిన సగం దోశ, గిన్నె అడుగున రెండు గరిటెల అన్నం, కొంచెం కూర. "అంత అన్నం పారబోస్తామేటి మేడమ్?" అని అడుగుతారు. ఆ అడగడంలో న్యాయముంది. అన్నాన్ని పారబోయడానికి చేయి రాని ఇళ్లలోనే మనమంతా పెరిగాం. కానీ కడుపు నిండాక తిన్న రెండు గరిటెల అన్నం 150 కేలరీల పైమాటే. ఆ బియ్యం డబ్బు ఎలాగూ ఖర్చయిపోయింది, తిన్నంత మాత్రాన తిరిగి రాదు. తర్వాత మోకాళ్ల నొప్పులకూ షుగరు మాత్రలకూ పెట్టే ఖర్చు ఈ లెక్కలో ఎవరూ కలపరు.

పొదుపు చేయాల్సింది బియ్యం కడిగే ముందు. వారం రోజులు, రాత్రి ఎంత అన్నం మిగిలిందో గమనించండి. ఎప్పుడూ ఒక కప్పు మిగులుతుంటే, కొలత గ్లాసులో మూడో వంతు బియ్యం తగ్గించి పోయండి. రోజుకు 60 గ్రాముల బియ్యం తగ్గినా నెలకు 1.8 కిలోలు మిగులుతాయి. పిల్లలకు మొదటే తక్కువ పెట్టి, అడిగితే మళ్లీ పెట్టండి. అప్పటికీ మిగిలితే రాత్రే పాలు పోసి తోడు పెట్టుకుని పొద్దున్న చద్దన్నంగా తినండి. టిఫిన్ తిని దాని మీద ఇది కాదు, టిఫిన్‌కు బదులు ఇదే. ఇంట్లో మగవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. గిన్నెలు ఖాళీ చేసే బాధ్యత ఆవిడ ఒక్కరిదే అన్నట్టు వదిలేయకండి. ఎంత వండాలో ఇద్దరూ కలిసి అనుకోండి.

అపోహ: పెద్ద ప్యాకెట్లు, ఆఫర్లలో కొంటే కలిసొస్తుంది

బియ్యం, పప్పులు, సబ్బులకు ఇది నిజమే. బిస్కెట్లు, చిప్స్, మిక్చర్, కూల్ డ్రింకుల విషయంలో మాత్రం తప్పు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న బిస్కెట్ ప్యాకెట్లు రెట్టింపు రోజులు రావు. ఇంట్లో ఉన్నాయి కాబట్టి రెట్టింపు తింటారు. నిలవ ఉండే చిరుతిండిని నెల చీటీలోంచి పూర్తిగా తీసేయండి. తినాలనిపించినప్పుడు నడిచి వెళ్లి చిన్న ప్యాకెట్టే కొనుక్కోండి, ధర కాస్త ఎక్కువ పడినా సరే. నెల చివర లెక్క చూసుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

అపోహ: అన్నం మానేసి చపాతీ, చిరుధాన్యాలు తింటే బరువు తగ్గుతారు

వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటే, కొర్రల్లో 330, రాగుల్లో 320. నూనె రాసి కాల్చిన రెండు చపాతీలు ఒక కప్పు అన్నంతో సమానం. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతాయి, అది లాభమే. మన చోళ్లు, అదే రాగుల్లో వంద గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చోడి అంబలి తాగే అలవాటు ఇంట్లో మిగిలి ఉంటే వదులుకోకండి. అంతేగానీ బియ్యానికి రెట్టింపు ధర పెట్టి కొర్రలు కొని, కంచం నిండా పెట్టుకుంటే బరువు దిగదు. అన్నం తినండి. కంచంలో సగం కూరలు, పావు భాగం పప్పో చేపో గుడ్డో, మిగతా పావు అన్నం. కొలత ఇంతే.

అపోహ: చక్కెరకు బదులు బెల్లం, పొద్దున్నే తేనె నిమ్మరసం

అనకాపల్లి బెల్లం రుచి నాకూ ఇష్టమే, కానీ కేలరీల్లో అది చక్కెరకు దగ్గరే. గోరువెచ్చని నీళ్లలో తేనె కొవ్వును కరిగించదు. పెద్ద చెంచా తేనెలో అరవైకి పైగా కేలరీలుంటాయి. రోజుకు మూడు టీలు తాగేవాళ్లు ఒక్కో కప్పులో ఒక్క చెంచా చక్కెర తగ్గిస్తే దాదాపు అన్నే కేలరీలు తగ్గుతాయి, తేనె సీసా ఖర్చూ తప్పుతుంది.

అపోహ: ఒక పూట మానేస్తే డబ్బూ మిగులుతుంది, బరువూ తగ్గుతుంది

పొద్దున్న టిఫిన్ మానేసి ఆఫీసుకు వెళ్లి, మధ్యాహ్నం హడావిడిగా ఏదో తిన్నవాళ్లకు సాయంత్రం ఆరింటికి ఆకలి అణచుకోలేనంతగా ఉంటుంది. ఇంటికొచ్చే దారిలో పునుగులు, మిరపకాయ బజ్జీల బండ్లుంటాయి. ఇంట్లోవాళ్లకీ పొట్లం కట్టించుకుంటారు. ఒక్కోసారి 120 రూపాయల చొప్పున వారానికి మూడు సాయంత్రాలైతే నెలకు 1,500 రూపాయలు దాటుతుంది. చీటీలో రాయని ఖర్చు ఇది, అందుకే కనిపించదు.

పూట మానొద్దు. నాలుగున్నర, ఐదు మధ్య తినడానికి ఏదైనా దగ్గర పెట్టుకోండి. డబ్బాలో శనగ గుగ్గిళ్లో, ఒక జామకాయో, గ్లాసు మజ్జిగో. బీచ్‌కు వెళ్లినప్పుడు మురీ మిక్చర్ తినాలనిపిస్తే తినండి, మరమరాలు తేలికే. నూనె, కారప్పూస తక్కువ వేయమని చెప్పండి. నేనెవరికీ బీచ్ మానమని చెప్పను.

అపోహ: జిమ్‌కు డబ్బు కట్టి, చెమట కారితేనే కొవ్వు కరుగుతుంది

మన ఊరి ఉక్కపోతలో ఊరికే నిలబడ్డా చెమట పడుతుంది. చెమటతో పోయేది నీళ్లు. తాగగానే తిరిగొస్తాయి.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక లాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున్నపూట వాహనాలు ఆపేసే బీచ్ రోడ్డు, కాలనీ పార్కులు, ఎత్తుపల్లాల వీధులు, అపార్టుమెంటు మెట్లు, వీటన్నిటికీ ఫీజు లేదు. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచే జనం ఉన్న ఊరు మనది. ఏడాదికి ఒక రోజు చూపించే పట్టుదలలో కొంచెం రోజూ చూపిస్తే చాలు. కాకపోతే నడక మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే సుమారు 140 కేలరీలు ఖర్చవుతాయి, తిరిగొస్తూ టిఫిన్ సెంటర్‌లో ఆగితే అంతా మళ్లీ చేరిపోతుంది. నడక గుండెకు, షుగరుకు, నిద్రకు చేసే మేలు వేరు. దాని కోసమైనా నడవండి.

అపోహ: నెలకు 5 కిలోలు తగ్గకపోతే పద్ధతి పనిచేయనట్టే

నూనెలో, చక్కెరలో, మిగిలిన అన్నంలో, సాయంత్రం బండి దగ్గర రోజుకు 250 కేలరీలు తగ్గితే మొదట్లో నెలకు సుమారు ఒక కిలో తగ్గుతారు. తర్వాత వేగం నెమ్మదిస్తుంది, అది శరీరం తీరు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా బీపీ, షుగరులో మంచి మార్పు కనిపిస్తుంది. రోజూ తూకం చూసుకుని టెన్షన్ పడకండి. ఉప్పు, నీళ్ల వల్లే ఒక కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికి ఒకసారి, ఒకే సమయంలో చూసుకోండి. దర్జీ టేపుతో నడుము కూడా కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడండి. మందు మోతాదు మార్చకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే ప్రయత్నం సొంతంగా చేయొద్దు. ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి, వెంటనే పరీక్ష చేయించుకోండి. మిగతావాళ్లు వచ్చే నెల చీటీ రాసేటప్పుడు నూనె దగ్గర అర లీటరు తగ్గించి, పప్పు దగ్గర ఒక కిలో పెంచి మొదలుపెట్టండి.