వీపీఎన్ కనెక్ట్ అయినా షేర్డ్ డ్రైవ్ రావట్లేదా? అపోహలు, వాస్తవాలు

ఇంట్లో కూర్చుంటే ఆఫీసు షేర్డ్ డ్రైవ్ తెరుచుకోదు. వెంటనే అందరూ చేసేది ఒకటే: వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి వెళ్లే సురక్షిత దారి) ఆపి మళ్లీ పెట్టడం, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయడం. ఒక్కోసారి పని అవుతుంది కూడా. ఎందుకు అయిందో తెలియదు కాబట్టి రెండు రోజులకు సమస్య మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్, ఆఫీసులో విండోస్ ఫైల్ సర్వర్ లేదా నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించే ఫైళ్ల నిల్వ పెట్టె) ఉన్నవాళ్ల కోసం ఈ వివరాలు.

అపోహ: వీపీఎన్ కనెక్ట్ అయింది కాబట్టి తప్పంతా సర్వర్‌దే.

వాస్తవం: కనెక్ట్ అయిందంటే ఆఫీసు గేటు దాకా దారి పడిందని మాత్రమే. ఆ తర్వాత సర్వర్ పేరు ఐపీ అడ్రస్‌గా మారాలి, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు తెరిచి ఉండాలి, సర్వర్ మీ పాస్‌వర్డ్‌ని ఒప్పుకోవాలి, ఆ ఫోల్డర్‌కి మీకు పర్మిషన్ ఉండాలి. ఎక్కడ తెగిందో ఎర్రర్ నంబరు చాలావరకు చెప్పేస్తుంది. 53 వస్తే సర్వర్ దాకా చేరనే లేదు. 67 అయితే ముందు షేర్ పేరులో అక్షరాలు సరిచూడండి. 86, 1326 పాస్‌వర్డ్ గొడవలు. 5 అంటే పర్మిషన్ లేదని. ఐటీ వాళ్లకు "రావట్లేదు" అని మెసేజ్ పెట్టే బదులు ఈ నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ పంపండి, సగం పని అయిపోయినట్టే.

అపోహ: పింగ్ (సర్వర్ పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) వెళ్లట్లేదంటే సర్వర్ డౌన్.

వాస్తవం: ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసి ఫైల్ షేరింగ్‌ని వదలొచ్చు. పింగ్‌ని వదిలి ఫైల్ షేరింగ్‌ని ఆపడమూ మామూలే. అడగాల్సింది 445 పోర్టు గురించి. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, సర్వర్ పేరు, ఆపైన -పోర్ట్ 445 ఇవ్వండి. చివరి లైన్‌లో ట్రూ వస్తే దారి బాగానే ఉంది, పాస్‌వర్డ్, పర్మిషన్ల వైపు వెళ్లండి. ఫాల్స్ వచ్చినా, అసలు పేరే దొరకలేదన్నా, పేరు బదులు సర్వర్ ఐపీ ఇచ్చి మళ్లీ చూడండి.

ఐపీతో వచ్చి పేరుతో రాకపోతే అది డీఎన్ఎస్ (పేరుని ఐపీగా మార్చే సేవ) సమస్య. ఆఫీసు నెట్‌వర్క్‌లో పొట్టి పేరు బ్రాడ్‌కాస్ట్‌తో దొరికిపోతుంది, చాలా వీపీఎన్‌లలో ఆ బ్రాడ్‌కాస్ట్ అవతలికి చేరదు. డొమైన్‌తో కలిపి పూర్తి పేరు కొట్టండి. ఐపీకాన్ఫిగ్ /ఆల్ ఇస్తే వీపీఎన్ అడాప్టర్ కింద ఆఫీసు డీఎన్ఎస్ అడ్రస్ కనిపించాలి. లేకపోతే సరిచేయాల్సింది వీపీఎన్ సెట్టింగ్‌లోనే. ల్యాప్‌టాప్‌లో పేర్లకు ఐపీలు రాసుకునే హోస్ట్స్ ఫైల్‌లో ఐపీ రాసి సర్దుకోవద్దు. సర్వర్ ఐపీ మారిన రోజు అది ఎవరికీ గుర్తుండదు.

ఐపీతోనూ ఫాల్స్ వస్తే ఎక్కువగా రెండు కారణాలుంటాయి.

మొదటిది, ఇంటి రౌటరూ ఆఫీసూ ఒకే అడ్రస్ వరసలో ఉండటం. రెండు చోట్లా 192.168.1 వరసే ఉంటే, 192.168.1.10లో ఉన్న ఆఫీసు సర్వర్‌ని మీ ల్యాప్‌టాప్ ఇంట్లోనే వెతుకుతుంది, వీపీఎన్ వైపు చూడదు. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి చూడండి. అక్కడ వస్తే అనుమానం దాదాపు ఖాయం. ఇంటి రౌటర్ లాన్ అడ్రస్‌ని 192.168.77.1 లాంటి దానికి మార్చితే సరిపోతుంది. పదిమంది ఇళ్లలో రౌటర్లు మార్చడం కన్నా ఆఫీసు వరసనే ఒకసారి మార్చుకోవడం మంచిదని మా అభిప్రాయం.

రెండోది చిన్న ఆఫీసుల్లో తరచూ కనిపిస్తుంది. ఆఫీసు అకౌంట్లన్నీ ఒకేచోట నడిపే డొమైన్ లేకుండా ఒక పీసీలోని ఫోల్డర్‌ని షేర్ చేసినప్పుడు, ఆ పీసీ ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్ రూల్ లోకల్ సబ్‌నెట్‌కే, అంటే అదే అడ్రస్ వరసకే, పరిమితమై ఉంటుంది. వీపీఎన్‌లో వచ్చేవాళ్ల ఐపీ వేరే వరసలో ఉంటే తలుపు తెరవదు. ఆ పీసీలో ఎస్ఎంబీ-ఇన్ (ఎస్ఎంబీ అంటే విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి) రూల్ స్కోప్‌లో వీపీఎన్ వరసని చేర్చాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ ఆపేయడం వల్ల దీనికి ఒరిగేదేమీ లేదు.

అపోహ: 445 పోర్టుని ఇంటర్నెట్ కంపెనీ ఆపేసింది, అందుకే రావట్లేదు.

వాస్తవం: చాలా కంపెనీలు ఆపేస్తాయి, నిజమే. కానీ వీపీఎన్ టన్నెల్ లోపల ఏ పోర్టు వాడుతున్నారో వాళ్లకు కనబడదు.

అపోహ: పాస్‌వర్డ్ మార్చాను, ల్యాప్‌టాప్‌కి తెలిసిపోతుంది.

వాస్తవం: వెబ్‌లో మార్చిన డొమైన్ పాస్‌వర్డ్, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కి దానంతటదే చేరకపోవచ్చు. వీపీఎన్ కనెక్ట్ చేసి, విండోస్ కీ + ఎల్ నొక్కి లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవండి. క్రెడెన్షియల్ మేనేజర్‌లో సర్వర్ పేరుతో పాత పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటే తీసేయండి. లేదంటే ల్యాప్‌టాప్ ఆ పాతదాన్నే పంపుతూ పంపుతూ మీ అకౌంట్‌ని లాక్ చేయించేస్తుంది. సొంత ల్యాప్‌టాప్ అయితే యూజర్‌నేమ్ ముందు డొమైన్ పేరు, బ్యాక్‌స్లాష్ తప్పనిసరిగా పెట్టండి. 1219 ఎర్రర్ వస్తే ఒకే సర్వర్‌కి రెండు యూజర్‌నేమ్‌లతో వెళ్తున్నారన్నమాట. నెట్ యూజ్ కొట్టి పాత కనెక్షన్ ఏదో చూసి, /డిలీట్‌తో తీసేసి, మళ్లీ మ్యాప్ చేయండి.

డ్రైవ్ మీద ఎర్ర గుర్తు కనబడగానే కంగారు పడకండి. లాగిన్ అయ్యేటప్పటికి వీపీఎన్ ఇంకా రాలేదని అర్థం, అంతే. కనెక్ట్ అయ్యాక డబుల్ క్లిక్ చేస్తే సాధారణంగా తెరుచుకుంటుంది.

అపోహ: స్లోగా ఉంటే పెద్ద ఇంటర్నెట్ ప్లాన్ తీసుకోవాలి.

వాస్తవం: ఫైల్ షేరింగ్‌లో ప్రతి చిన్న ఫైల్‌కీ సర్వర్‌తో చాలాసార్లు మాట్లాడాలి. ఒక్కో మాటకు 40 మిల్లీసెకన్లు, ఫైల్‌కి అయిదు మాటలు అనుకుంటే వెయ్యి చిన్న ఫైళ్లకు 200 సెకన్లు ఊరికే పోతాయి. ప్లాన్ 100 నుంచి 300 ఎంబీపీఎస్‌కి పెంచినా ఈ లెక్క మారదు. ఆఫీసు వైపే జిప్ చేయించుకుని ఒకే ఫైల్‌గా తెచ్చుకోండి. మీ ల్యాప్‌టాప్ నుంచి జిప్ చేస్తే ఫైళ్లన్నీ ముందు వీపీఎన్ మీదే రావాలి కాబట్టి లాభం లేదు. టాలీ డేటా, యాక్సెస్ డేటాబేస్ లాంటివి మాత్రం వీపీఎన్ మీద నేరుగా తెరవకండి. మధ్యలో లైన్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ఆఫీసు పీసీలోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లి అక్కడే పని చేయండి.

ఫోల్డర్లు కనిపిస్తూ, పెద్ద ఫైల్ కాపీ దగ్గర ఆగిపోతుంటే అది స్పీడు కాదు, ఎంటీయూ (ఒక్కసారికి పంపగల ప్యాకెట్ సైజు) కావచ్చు. పింగ్‌కి -ఎఫ్ -ఎల్ 1400 జోడించి సర్వర్‌కి పంపండి. వెళ్లకపోతే అంకె తగ్గిస్తూ రండి. వెళ్లిన అతి పెద్ద అంకెకు 28 కలిపితే వచ్చేదే మీ దారికి సరిపడే ఎంటీయూ. వీపీఎన్ అడాప్టర్‌కి దాన్ని పెట్టమని ఐటీ వాళ్లను అడగండి.

అపోహ: ఎస్ఎంబీ1 (ఎస్ఎంబీ పాత వెర్షన్) ఆన్ చేస్తే లేదా రౌటర్‌లో 445 ఫార్వర్డ్ చేస్తే అన్నీ తీరిపోతాయి.

వాస్తవం: 2017 మేలో ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వనాక్రై వ్యాపించింది సరిగ్గా ఎస్ఎంబీ1లోని లోపం ద్వారానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని మూసే ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది, వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఇంటర్నెట్ వైపు 445 తెరవడం ఏ పరిస్థితిలోనూ వద్దు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కి మారాక నాస్ రావడం ఆగిపోతే, ఎక్కువసార్లు కారణం పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ని విండోస్ ఒప్పుకోకపోవడమే. నాస్‌లో మీ పేరుతో యూజర్‌ని పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి, దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. అప్పటికీ ఎస్ఎంబీ1 తప్ప మరోటి రాని పాత బాక్స్ అయితే, అందులోని ఫైళ్లు వేరేచోటికి మార్చి దాన్ని పక్కన పెట్టేయండి.