పనిచోట సొంత ఆలోచన: ఆటోనగర్ షెడ్లలో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లకీ, గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలకీ పని పద్ధతులు మెరుగుపరచడంలో సాయం చేయడం నా వృత్తి. కొత్తగా పిలిచే యజమానులు చాలామంది ఒకే మాట అడుగుతారు: "మావాళ్లు సొంతంగా బుర్ర పెట్టరండీ, ఎలా నేర్పాలి?" వాళ్లు బుర్ర పెడుతూనే ఉన్నారు. మనకి చెప్పడం మానేశారు, అంతే. ఎందుకు మానేశారో చూద్దాం.

అపోహ: కొత్త ఆలోచనలు చదువుకున్నవాళ్లకే వస్తాయి.

వాస్తవం: పనిలో ఇబ్బంది ఎక్కడుందో ఆ పని చేసేవాడికే ముందు తెలుస్తుంది. ఒక షెడ్డులో లారీ వెనక డోర్లకి కీలు వెల్డింగ్ చేసే కుర్రాడు ఉండేవాడు. ప్రతి డోరుకీ టేపు పట్టి కొలవాలి, సుద్దతో గీత గీయాలి, మూలమట్టం ఆనించి చూసుకోవాలి, అప్పుడు ట్యాక్ (కదలకుండా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్క) వేయాలి. కాస్త తేడా వచ్చినా డోరు పట్టేస్తుంది. మళ్లీ గ్రైండర్‌తో కోసి మొదటికి రావాల్సిందే. ఇతను తుక్కులోంచి రెండు యాంగ్లర్ (L ఆకారపు ఇనుము) ముక్కలు ఏరి, కీలు సరిగ్గా కూర్చునేంత సందు వదిలి చిన్న చట్రం అతికించుకున్నాడు. దాన్ని డోరు అంచుకి ఆనించి, కీలు అందులో పెట్టి ట్యాక్ వేస్తే చాలు, టేపు తీయక్కర్లేదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో జిగ్ పేరుతో చెప్పే పాఠం ఇదే.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. సూపర్‌వైజర్ ఆ చట్రాన్ని తన ఐడియాగా యజమానికి చూపించి మెప్పు పొందాడు. కుర్రాడు పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత ఏది అడిగినా "మీ ఇష్టం సార్" అనడమే. అందుకే నేను వెళ్లే ప్రతిచోటా పట్టుబట్టేది ఇదొక్కటే: ఆలోచన ఎవరిదో వాళ్ల పేరు పెయింటుతో ఆ పరికరం మీదే రాయించండి.

అపోహ: అందరినీ కూర్చోబెట్టి మీటింగ్ పెడితే ఎక్కువ ఐడియాలు వస్తాయి.

ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది అమెరికాలో యాడ్ ఏజెన్సీ నడిపిన అలెక్స్ ఆస్‌బార్న్. దీన్నే బ్రెయిన్‌స్టార్మింగ్ అంటున్నాం. నిజానికి విడిగా ఆలోచించడం మానేయమని ఆయనా చెప్పలేదు. 1958లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటితో పోలిస్తే, నలుగురు ఎవరికి వారు ఆలోచించినవాటిని కలిపి, ఒకేలాంటివి తీసేసినా దాదాపు రెట్టింపు ఆలోచనలు మిగిలాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, తమ వంతు వచ్చేసరికి ఊపు పోతుంది. ముఖ్య కారణం ఇదేనని 1987లో డీల్, స్ట్రోబె అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపించారు.

మన దగ్గర దీనికి తోడు ఇంకోటి ఉంది. మేస్త్రి ఒక మాట అన్నాక హెల్పర్ నోరు తెరవడు. పెద్దాయన ఎదురుగా అంతకంటే మంచి ఉపాయం చెప్తే ఎదురు చెప్పినట్టు అవుతుందని భయం. అందుకే మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరినీ వాళ్లు పనిచేసే చోటే కలిసి అడుగుతాను. రాయడం ఇబ్బందైతే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమంటాను. ఒక కోల్డ్ స్టోరేజీలో హమాలీ అలాగే చెప్పాడు: "ఎవరి సరుకు ముందు బయటికి పోద్దో దించేటప్పుడే అడిగితే, ఆ టిక్కీలు (మిర్చి బస్తాలు) తలుపు వైపు పెడతాం కదండీ. లోపల ఉన్నవాటి కోసం ముందున్నవన్నీ జరపక్కర్లా." మీటింగ్‌లో అతను ఎప్పుడూ గోడకి ఆనుకుని నిలబడేవాడు. మీటింగ్ వద్దని అనను. వచ్చినవాటిలో ఏది చేద్దామో తేల్చుకోవడానికి అది కావాలి.

అపోహ: బహుమతి ప్రకటిస్తే చాలు, సలహాల పెట్టె నిండిపోతుంది.

వాస్తవం: తాళం వేసిన పెట్టెలో చీటీ వేసినవాడికి జవాబు రాకపోతే రెండో చీటీ వేయడు. టయోటా 1951లో కార్మికుల సలహాల పద్ధతి మొదలుపెట్టి దశాబ్దాలుగా నడిపిస్తోంది. అక్కడా డబ్బు ఇస్తారు. కానీ చిన్న సలహాని కూడా పట్టించుకుని, పనికొస్తే అమలు చేయడమే దాని బలం. పని మీద సొంత ఆసక్తి ఉన్నప్పుడే మనిషి కొత్తగా ఆలోచిస్తాడని అమెరికా మనస్తత్వ పరిశోధకురాలు థెరిసా అమబిలే పరిశోధనలు చెప్తున్నాయి. దీన్ని పట్టుకుని పైసా ఇవ్వకుండా తప్పించుకుంటే మాత్రం అన్యాయం. ఐడియా వల్ల డబ్బు మిగిలితే అందులో వాటా ఇవ్వాలి. కుదరదనుకుంటే ఎందుకు కుదరదో వారం లోపు మనిషికి ఎదురుగా చెప్పాలి.

అపోహ: పనికొచ్చే ఐడియా అయితే వెంటనే తెలిసిపోతుంది.

అమెరికాలోని 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త 1968లో అంటీ అంటని జిగురు తయారుచేశాడు. దాన్ని దేనికి వాడాలో 1974లో సహోద్యోగి ఆర్ట్ ఫ్రై చెప్పాడు. అలా పుట్టిన పోస్ట్-ఇట్ కాగితాలు (అతికించి, మళ్లీ ఊడదీయగలిగే చిన్న చీటీలు) అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో, అంటే జిగురు తయారైన పన్నెండేళ్లకి.

అపోహ: రూల్స్ ఉంటే సొంత ఆలోచనకి చోటు ఉండదు.

వాస్తవం: లారీ బాడీ ఎలా కట్టాలో చెప్పే ఏఐఎస్ 093 అనే వాహన ప్రమాణం ఉంది, వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదనే నిబంధన ఉంది. వీటిలో ఎవరి సొంత తెలివీ పనికిరాదు. దారిన పోయేవాళ్ల ప్రాణాలతో ముడిపడిన సంగతి అది. అయితే ఆ కొలతకి తేడా లేకుండా, నడుం నొప్పి లేకుండా ఎలా చేరాలో ఏ రూలూ చెప్పదు. అక్కడ పనివాడిని ప్రయత్నించనివ్వండి. ముందు ఒక్క డోరు మీద చేసి చూపించమనండి. బాగుంటే మిగతావాటికీ అదే పద్ధతి పెట్టండి. బాగోకపోతే పోయేది ఒక పూట పని, నాలుగు వెల్డింగ్ రాడ్లు.