జోజప్పగారి పండుగ 20వ తేదీకి ఎందుకు వెళ్లింది?

ప్రియమైన మనవలకు అమ్మమ్మ ఆశీస్సులు.

యేసు పెంపుడు తండ్రి పునీత జోజప్పగారి పండుగ మార్చి 19న అని సత్యోపదేశంలో నేర్చుకున్నారు కదా, 2023 నాటి పాత క్యాలెండరులో అది 20న ఉండేసరికి అచ్చుతప్పేమో అని అడిగారు. తప్పేమీ లేదు. ఆ ఏడాది 19వ తేదీ, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలపు నాలుగవ ఆదివారమైంది. ఆగమన (క్రిస్మస్‌కు ముందు), తపస్సు, పాస్కా (ఈస్టరు) కాలాల ఆదివారాలు ఎంత గొప్ప పునీతుని మహోత్సవానికైనా చోటివ్వవు కనుక, గన్‌ఫౌండ్రీలోని మన కథీడ్రల్ ఎవరి పేరున వెలసిందో ఆ జోజప్పగారి పండుగ కూడా సోమవారానికి జరిగింది.

ఈస్టరుకు ముందున్న పవిత్ర వారంలో పడితే మాత్రం ఆయన పండుగ ముందుకే వస్తుంది. 2008లో ఆ సంగతి నాకు తెలియక, 19న పూలదండ పట్టుకుని గుడికి వెళ్లాను. గురువుగారు పండుగనాటి తెల్లని వస్త్రాలకు బదులు తపస్సుకాలపు ఊదారంగు వస్త్రాలతో బలిపీఠం దగ్గరకు వచ్చారు. పండుగ 15వ తేదీ శనివారమే, పవిత్ర వారం మొదలయ్యే మ్రానికొమ్మల ఆదివారానికి ముందురోజే, అయిపోయిందని అప్పుడు తెలిసింది. దేవదూత మరియమాతకు శుభవార్త చెప్పిన మంగళవార్త పండుగ (మార్చి 25) ఇందుకు భిన్నంగా తరువాతి తేదీకి వెళ్తుంది. 2024లో మార్చి 25 పవిత్ర వారపు సోమవారం కావడంతో, ఈస్టరుతో మొదలయ్యే ఎనిమిది రోజులూ గడిచాక ఏప్రిల్ 8న దానిని జరుపుకున్నాం.

ఇక తప్పనిసరిగా పూజలో పాల్గొనవలసిన పండుగల మాట. ఆదివారాలు కాక ఇలాంటివి పది ఉన్నాయని 1983 నాటి కతోలిక తిరుసభ చట్టం చెబుతుంది. అయితే రోము అనుమతితో కొన్నింటికి ఆ నియమాన్ని తొలగించే, కొన్నింటిని ఆదివారానికి మార్చే అధికారం ఆయా దేశాల పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్యకు ఉంది. ముగ్గురు రాజుల పండుగ, ప్రభువు మోక్షారోహణం, దివ్య సత్ప్రసాద పండుగ మనకు ఆదివారాలలో రావడానికి కారణమిదే. క్రిస్మస్, ఆగస్టు 15 మాత్రం వారంలో ఏ రోజు పడినా ఆ తేదీనే తప్పనిసరి. ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ (ఆమె పరలోకానికి ఎత్తబడడం) పండుగ. ఆ పేరున నిలిచిన సికింద్రాబాదు సెయింట్ మేరీస్ బసిలికాకు అదే పేరు పండుగ. బడిలో జెండా వందనం అయ్యాక పూజకు వెళ్లడం మీకు అలవాటే.

ఒక్క చోట చాలామంది పొరబడతారు. ముందురోజు సాయంత్రపు పూజలో పాల్గొన్నా నియమం తీరుతుంది, నిజమే. కానీ 2023లో లాగా డిసెంబరు 24 ఆదివారమై, మరునాడు క్రిస్మస్ వస్తే, ఆదివారానికి ఒక పూజ, క్రిస్మస్‌కు మరొక పూజ ఉండాలి. ఒకే పూజతో రెండూ తీరవు. మనమందరం ఆ రోజు ఉదయం ఒకసారి, అర్ధరాత్రి మరొకసారి వెళ్లింది అందుకే.

జబ్బుపడినవారికి, పసిబిడ్డలను చూసుకునేవారికి, అలాంటి తప్పని కారణం ఉన్నవారికి ఈ నియమం వర్తించదు. ఆ క్రిస్మస్ రాత్రి ఆసుపత్రిలో రోగుల పక్కనుండి కదలలేకపోయిన మీ అమ్మ దోషం చేసిందేమోనని ఇకమీదట బెంగపడకండి.

మీ అమ్మమ్మ